డెబ్బై రెండు కిలోలు

విమానం నాతో మాట్లాడుతుంది.
పొడిపొడి మాటలు, పాతకాలపు టెలిగ్రాంలాగా:
తలుపు మూసుకుంది. బ్రేకు వదిలింది. చక్రం లేచింది.
మిగిలిన చమురు ఇంత.
హెల్సింకీ శివారు వాంటాలో, మూడో అంతస్తులో,
రాత్రి రెండింటికి వింటూ కూర్చుంటాను.
వినడానికే నాకు జీతం.

ఈ యంత్రాన్ని అమ్మిన మనిషి
మెరిసే బూట్లతో వచ్చి, నూటికి మూడు మిగులుతుందన్నాడు.
దేంట్లో నూటికి? అని మా సాంపో అడిగితే
కాఫీ బాగుందన్నాడు.

మూడేళ్ళయింది. నేనెరిగినంతలో
యంత్రం తనకు తానుగా ఒక్క చుక్క మిగల్చలేదు.
చూస్తుంది, చెబుతుంది. అంతే.
కాటా బరువు చెబుతుంది గాని బస్తా దించదు.

జనవరిలో ఒక గీత పైకి లేచింది.
ఇవాలో. మ్యాపులో పైఅంచుకి వేలాడే ఊరు.
ఆఖరి విమానం దిగాక, రాత్రి,
తోకలోని చిన్న ఇంజను ఆగడం లేదు.
నలభై నిమిషాలు. డెబ్బై రెండు కిలోలు.
ప్రయాణికులు లేరు, సామాను లేదు,
ఖాళీ గదిలో దీపం ఆర్పకుండా పోయినట్టు.
అన్నిసార్లూ ఒకే పేరు: కెప్టెన్ రైట్టిలా.

ఉత్తరం రాశాను, మర్యాదగా, ఎర్రగీతలతో.
జవాబు లేదు. మళ్ళీ రాశాను.
మూడోదానికి వచ్చింది:
"ఒకసారి వచ్చి చూడు.
ఉన్ని మేజోళ్ళు రెండు జతలు తెచ్చుకో."

వెళ్ళాను. కాక్‌పిట్‌లో వెనక మడతకుర్చీ.
దిగడం మొదలయ్యాక ఇంజన్లు గుసగుసకి తగ్గాయి,
నేలమీద ఒక్కదానితోనే నడిపించాడు.
నాకు చూపించడానికేమో అనుకున్నాను.
కాదు, పాత లెక్కల్లోనూ అలాగే ఉంది.
ఎర్రగీత తప్ప నేనే ఏదీ చదవలేదు.

బయట మైనస్ ముప్పై నాలుగు.
జనం దిగిపోయారు. రైట్టిలా లేవలేదు.
మెట్లమీద బకెట్ల చప్పుడు.
హిల్కా, ఆమె వెనక ఇంకో ఇద్దరు,
అరవై దాటిన చేతులు, తడిగుడ్డలు,
నూట యాభై సీట్లు,
ప్రతి సీటు సంచిలోనూ ఎవరో కుక్కిన కాగితం, నారింజ తొక్క.
"ఇంజను ఆపితే," అంది హిల్కా బల్ల తుడుస్తూ,
"కాసేపటికే గుడ్డ కర్రవుతుంది. తరవాత వేళ్ళు."
ఫిర్యాదు కాదు.
రేపు మంచు పడుతుందన్నంత మామూలుగా.

విమానం నాకన్నీ చెప్పిందనుకున్నాను.
తలుపు తెరుచుకుందని దానికి తెలుసు.
ఎవరు లోపలికొచ్చారో
చెప్పడానికి దానికో గడి లేదు.

తిరిగొచ్చి ఇంకో ఉత్తరం, ఈసారి ఇవాలో వాళ్ళకి:
వేడిగాలి బండి ఒకటి కావాలి, లావుపాటి గొట్టంతో.
ఏడు వారాలు, పదకొండు సంతకాలు.
మార్చిలో వచ్చింది, చలి కాస్త సడలే వేళకి.

గీత పడిపోయింది.
డెబ్బై రెండు నుంచి తొమ్మిదికి.
సాంపో దానికి రంగులద్ది పై అంతస్తులో చూపించాడు.
బూట్ల మనిషి ఒక కాపీ అడిగి పట్టుకెళ్ళాడు,
ఇంకో దేశంలో ఇంకో బల్లమీద పరుస్తాడట.
దాంట్లో హిల్కా లేదు.
నా మేజోళ్ళూ లేవు.

ఆ బండి డీజిలు తాగుతుంది.
ఎంతో నాకు తెలీదు. అది వాళ్ళ పద్దు.
మా పద్దులో జమైంది వాళ్ళ పద్దులో ఎంత కరిగిందో
అడుగుదామని రెండుసార్లు నంబరు నొక్కి
మోగకముందే పెట్టేశాను.

నిన్న రాత్రి, తలుపు, బ్రేకు, చక్రాల మధ్య
ఇవాలో నుంచి చేత్తో కొట్టిన వరస ఒకటి:
"గొట్టం బానే ఉంది. హిల్కా ఇవాళ
చొక్కా చేతులు మడిచి పనిచేసింది. రైట్టిలా."

యంత్రం దాన్ని 'ఇతరాలు' కింద పడేసింది.
నెలాఖరున అవన్నీ చెరిపెయ్యాలి, అది నా పనే.
ఇంకా చెరపలేదు.